కౌంటరుకి అటొకరు, ఇటొకరు: ఇద్దరు మనుషులతో అరగంట హాస్యం కట్టే పద్ధతి

ఉగాదికో, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికో ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వంటి ఊళ్ళలో తెలుగువాళ్ళు కార్యక్రమం పెట్టుకుంటే హాస్యనాటిక దగ్గరికొచ్చేసరికి రెండు చిక్కులొస్తాయి. పది పాత్రల నాటికకి రిహార్సల్‌కొచ్చే మనుషులు దొరకరు. దొరికినా, హాల్లో కూర్చున్న పిల్లల్లో చాలామందికి తెలుగు ఇంట్లో మాట, ఒడియా బళ్ళో మాట. అచ్చ తెలుగు చమత్కారం వాళ్ళ తల మీంచి పోతుంది. ఇద్దరే మనుషులు, చిన్న చిన్న తునకలు, మధ్యలో రెండు భాషల తికమక: ఈ పద్ధతిలో పోతే రెండు చిక్కులూ తీరతాయి.

ఈ పద్ధతికి మంచి అచ్చు బీబీసీలో 1971 నుంచి 1987 దాకా వచ్చిన టీవీ హాస్య కార్యక్రమం ‘ద టూ రోనీస్’. రోనీ బార్కర్ భారీ మనిషి, రోనీ కార్బెట్ అయిదడుగుల ఒక అంగుళం. మన రేలంగి, రమణారెడ్డి పక్కపక్కన నిలబడితే చాలు, జనం నవ్వడానికి సిద్ధమైపోయేవారే, అలాంటి జోడీ. కానీ వీళ్ళలో ఒకడు ఎప్పుడూ తెలివైనవాడు, ఇంకొకడు ఎప్పుడూ వెర్రివాడు అన్న ఏర్పాటు లేదు. స్కెచ్‌ని, అంటే చిన్న హాస్యపు తునకని, బట్టి మారిపోయేవారు. ఇద్దరికీ విడిగా వేరే కార్యక్రమాలూ ఉండేవి. మీకు కావలసింది సరిగ్గా ఇదే. ఒకడే జోకులేసి రెండోవాడు దిష్టిబొమ్మలా నిలబడే జోడీ అరగంట నిలబడదు, పది నిమిషాలకే చప్పబడిపోతుంది.

ముందు అస్థిపంజరం. వాళ్ళ కార్యక్రమం సుమారు ముప్పావుగంట. బల్ల వెనక ఇద్దరూ కూర్చుని ఉత్తుత్తి వార్తలు చదవడంతో మొదలు. తర్వాత స్కెచ్‌లు, బార్కర్ ఒక్కడే చేసే మాటల గారడీ, కుర్చీలో కూర్చుని కార్బెట్ చెప్పే సోది, ఓ అతిథి పాట, వారం వారం సాగే సీరియల్ తునక, పెద్ద పాటల అంకం, మళ్ళీ వార్తలు, సెలవు. సీరియల్, పెద్ద పాటల అంకం మనకొద్దు, వాటికి దుస్తులూ డబ్బూ కావాలి. మిగిలింది ఇలా సర్దుకోండి: వార్తలు 4 నిమిషాలు, కౌంటరు స్కెచ్ 8, ఒక పాట 4, మాటల గారడీ 3, క్విజ్ స్కెచ్ 4, కుర్చీ సోది 4, ముగింపు వార్తలు 2. మొత్తం 29. నవ్వులకీ, సామాను మార్చడానికీ ఇంకో ఆరేడు నిమిషాలు పోతాయి. పాట మధ్యలో పెట్టింది ఊరికే కాదు, ఆ నాలుగు నిమిషాల్లోనే తెర వెనక కౌంటరు తీసేయాలి.

కౌంటరు స్కెచ్

కార్యక్రమానికి గుండెకాయ ఇది. కాబట్టి మీ రిహార్సల్ టైములో సగం దీనికే.

1976లో ప్రసారమైన ‘ఫోర్ క్యాండిల్స్’ స్కెచ్ ఇప్పటికీ ఇంగ్లండ్‌లో చెప్పుకుంటారు. బార్కర్ చేత్తో రాసిన ఆ ప్రతి 2007లో వేలంలో 48,500 పౌండ్లకి పోయింది. కథంటూ ఏమీ లేదు. ఇనుపసామాను దుకాణానికి ఒకాయన వస్తాడు. ఆయన ‘హ’ మింగేసి అడిగింది ‘ఫోర్క్ హ్యాండిల్స్’, తోటపని ఫోర్కులకి వేసే కర్రపిడి. షావుకారు చెవికి వినబడింది ‘ఫోర్ క్యాండిల్స్’, నాలుగు కొవ్వొత్తులు. కొవ్వొత్తులు తెచ్చి ముందు పెడతాడు. అదిగో, అలా వస్తువు తర్వాత వస్తువు. అందులో చూసి నేర్చుకోవలసినవి నాలుగున్నాయి.

రెండర్థాలూ ఆ దుకాణంలో దొరికే వస్తువులే అయ్యుండాలి. కొవ్వొత్తీ దొరుకుతుంది, కర్రపిడీ దొరుకుతుంది. అందుకే షావుకారు మూర్ఖుడనిపించడు, పొరపాటు ఎవరికైనా జరిగేదే అనిపిస్తుంది.

ప్రతి పొరపాటుకీ ఒళ్ళు అలవాలి. కార్బెట్ నిచ్చెనెక్కి అక్షరాల పెట్టె దించుతాడు, పని కాగానే మళ్ళీ ఎక్కి పైన పెట్టేస్తాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, వచ్చినాయన ఆ పెట్టెలోదే ఇంకో అక్షరం అడిగినట్టు వినబడుతుంది. మాట కన్నా ఆ నిచ్చెన ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది.

కోపం గొంతులో పెరగకూడదు, చేతుల్లో పెరగాలి. మొదట వస్తువుని మెల్లగా పెడతాడు, తర్వాత టక్కున, చివరికి పెట్టె విసురుగా. అరుపు మొదలైతే స్కెచ్ అయిపోయినట్టే. కాబట్టి ఆ అరుపుని ఆఖరి నిమిషం దాకా దాచుకోండి.

ముగింపు ఇద్దరి వల్లా కాదు. షావుకారు విసిగిపోయి లోపలివాణ్ణి పిలుస్తాడు, ఆ మూడోమనిషి వచ్చి చీటీ చూసి ఒక్క మాట అంటాడు. దీపం ఆరుతుంది.

ఇంగ్లీషు మాటల్ని తెలుగు చేస్తే ఇందులో ఏదీ మిగలదు. ఎముకలు తీసుకుని కండ మనది పెట్టుకోవాలి. మన దగ్గర సరుకు బోలెడుంది.

ముందు తెలుగులోనే దొరికేవి. ‘గంటలు’ చూడండి. గుడి గంటలూ గంటలే, గడియారం గంటలూ గంటలే.

వచ్చినాయన: మూడు గంటలు కావాలండి.
షావుకారు: (గోడ గడియారం చూసి, స్టూలు ముందుకి జరిపి) కూకోండి.
(ఇద్దరూ కూర్చుంటారు. ఎనిమిది సెకన్లు ఏమీ జరగదు.)
వచ్చినాయన: ఇచ్చేస్తే ఎల్లిపోతానండి.
షావుకారు: ఇస్తన్నాను గదండీ, ఇంకా నిమిషమే అయింది.
వచ్చినాయన: గుడికండీ, గుడికి!
షావుకారు: గుడికైతే మరీ మంచిది. సాయంత్రం దాకా మూయరు.

ఎనిమిది సెకన్లు అని రాసింది ఎనిమిది సెకన్లే. మనసులో లెక్క పెట్టుకోమనండి. కొత్తవాళ్ళు రెండో సెకనుకే భయపడి మాట అందుకుంటారు, నవ్వు పుట్టకముందే చచ్చిపోతుంది.

తర్వాత ‘తాళాలు’. ఇక్కడే నిచ్చెన. ‘తాళాలున్నాయా?’ అంటే షావుకారు ఎక్కి తలుపు తాళాల పెట్టె దించుతాడు. ‘ఇవి కాదండీ, భజనకి.’ పెట్టె పైకెక్కిస్తాడు, దిగుతాడు, కింద అరలోంచి భజన తాళాలు తీసి ఇస్తాడు. వచ్చినాయన ఒకసారి టింగుమనిపించి చూసి, సంచీలో వేసుకుని, ‘భజన మందిరానికి తాళం కూడా ఒకటి’ అంటాడు. షావుకారు నిచ్చెన వైపు చూస్తాడు, జనం వైపు చూడకూడదు. జనం వైపు చూశాడంటే జోకు వివరించినట్టే.

ఇప్పుడు రెండు భాషలవి. సరిహద్దు జిల్లాల్లో బతికేవాడికి మాత్రమే దొరికే సరుకు ఇది, హైదరాబాదులో ఎంత తెలివైనవాడికీ తట్టదు. ఒడియాలో పదం చివర అకారం ‘ఒ’లా పలుకుతుంది, ‘అఛి’ కూడా ‘ఒఛి’లాగే వినిపిస్తుంది. దాంతో నూనె ఉందా అని అడిగే మాట తెలుగు చెవికి ఏమవుతుందో చూడండి.

వచ్చినాయన: తేలొ ఒఛి?
షావుకారు: (గెంతి స్టూలెక్కి) ఎక్కడికొచ్చిందీ?
వచ్చినాయన: (సీసా చూపించి) తేలొ! తేలొ!
షావుకారు: సీసాలో ఎట్టి తెచ్చావా?
వచ్చినాయన: ఎకొ లీటర్.
షావుకారు: లీటరు తేలా!

ఇందులో ఒడియావాళ్ళు నవ్వేది ‘ఎక్కడికొచ్చింది’ దగ్గర, తెలుగువాళ్ళు నవ్వేది ఇంకా ముందు, స్టూలెక్కగానే. రెండు నవ్వులు అర సెకను తేడాతో వస్తాయి. కాబట్టి ‘సీసాలో ఎట్టి’ అన్న మాట రెండో నవ్వు తగ్గేదాకా అనకండి.

బంగాళదుంప ఒడియాలో ‘ఆళు’. ‘కేతే’ అంటే ఎంత, ‘భొలొ’ అంటే మంచిది, ‘దుయి’ అంటే రెండు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత వినని తెలుగు ఇల్లు ఉండదు గనక పెళ్ళామన్న అర్థం జనానికి వెంటనే అందుతుంది.

వచ్చినాయన: ఆళు కేతే?
షావుకారు: ఒక్కర్తే.
వచ్చినాయన: కేతే?
షావుకారు: ఒక్కర్తే అంటన్నాను గదా. లోపలుంది.
వచ్చినాయన: భొలొ ఆళు?
షావుకారు: భలే ఆలే. ఏం, నీకేటి?
వచ్చినాయన: దుయి కిలో.
(షావుకారు మెల్లగా తక్కెడ లోపలికి దాచేస్తాడు.)

తక్కెడ దాచడం మాట కాదు, చేత. మాట లేకుండా ముగిసిన తునకకే చప్పట్లు ఎక్కువ.

ఉప్పుకి ‘లుణొ’ అంటే ‘లూనా’ అని విని ‘బండి అమ్మేశానండి, కిక్కు పోయింది’ అనొచ్చు, నలభై దాటినవాళ్ళకి బాగా పేలుతుంది, పిల్లలకి ఆ మోపెడ్ తెలీదు. బెల్లానికి ‘గుడొ’ అంటే గుడ్డ కొలిచి చింపడం మొదలెట్టొచ్చు. ఇవి రెండూ చిన్నవి, ఊపిరి తీసుకోడానికి మధ్యలో పెట్టుకోండి.

సగం దాకా షావుకారు తెలుగు, వచ్చినాయన ఒడియా. మిగతా సగంలో తిరగెయ్యాలి, ఇది మాత్రం వదలొద్దు. ఎప్పుడూ ఒడియా ఆయనే అడిగి, తెలుగాయనే అపార్థం చేసుకుంటుంటే, లేదా ఎప్పుడూ ఒకడే పప్పులో కాలేస్తుంటే, హాల్లో సగం మందికి తమని ఎక్కిరిస్తున్నట్టుంటుంది. ‘ఫోర్ క్యాండిల్స్’లో ఇద్దరూ మర్యాదస్తులే, తప్పంతా మాటది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయినప్పటి నుంచీ ఇక్కడ భాష మాట తీస్తే ఎవరో ఒకరు ముడుచుకునే అలవాటు ఉంది, అది మనసులో పెట్టుకుని రాయండి.

తిరగేసినప్పుడు దీపం ఆర్పి, ఇద్దరూ కౌంటరుకి అటూ ఇటూ మారి, దుకాణం బోర్డు మాత్రం తిప్పండి. వెనక ఒడియాలో రాసిపెట్టుకున్న బోర్డు కనబడగానే జనానికి అర్థమైపోతుంది, చెప్పక్కర్లేదు. ఈ సగానికి మూడు మాటలు చాలు.

‘ఆసొ, ఆసొ’ అని షావుకారు రమ్మంటాడు. గుమ్మంలో ఆగిపోయి ‘ఆశేటండీ, డబ్బులిచ్చే కొంటాను’ అంటాడు తెలుగాయన.

‘మేకులు కావాలి’ అంటే షావుకారుకి అర్థం కాక ‘కొణొ?’ అంటాడు, ‘ఏమిటి’ అని. తెలుగాయన: ‘ముందు ధర చెప్పండి, కొంటాను.’ ‘కొణొ?’ ‘ధర చెప్పకుండా కొను కొను అంటారేటి?’ మూడోసారి ‘కొణొ’ అనగానే డబ్బులు తీసి బల్ల మీద పెట్టేయాలి. షావుకారు ఆ డబ్బులు చూసి, ఇంకా అయోమయంగా, నాలుగోసారి ‘కొణొ?’ అంటాడు. తెలుగాయన ఇంకో నోటు పెడతాడు.

చివరిది ‘చాలు’, అన్నిటికన్నా బరువైనది. తెలుగులో ఆపమని, ఒడియాలో ‘చాలూ’ అంటే నడుస్తూ ఉండటం. సంచీలో సరుకు పోస్తుంటే ‘చాలు’ అంటాడు. షావుకారు సంతోషంగా ‘చాలూ!’ అని ఇంకా పోస్తాడు. ‘చాలు, చాలు!’ ‘హఁ, చాలూ, చాలూ!’ సంచీ నిండుతుంది, పొర్లుతుంది, కౌంటరు మీంచి కారుతుంది.

ఇక్కడ నూనె, నీళ్ళు, పప్పులు వద్దు. నూనె జారుతుంది, నీళ్ళు మైకు వైర్ల దగ్గరికి పోతాయి, శనగలు కాళ్ళ కింద గుండ్లయి మనిషి పడతాడు. మరమరాలు వాడండి. ఈ ప్రాంతంలో ముఢీ దొరకని వీధి లేదు, కిలో కొంటే దాదాపు పెద్ద బక్కెట్టు నిండుతుంది, దూరం నుంచి చూస్తే వరదలా ఉంటుంది, మీద పడ్డా దెబ్బ తగలదు. రెండు కిలోలు తీసుకోండి. డబ్బాకి అడుగున కన్నం చేసి కౌంటరు వెనక నుంచి ఇంకొకరు నింపుతూ ఉంటే డబ్బా ఎప్పటికీ ఖాళీ కాదు. ముందురోజు డబ్బా మూత తీసి ఉంచితే తేమకి మెత్తబడి ముద్దలా పడతాయి, కాబట్టి పాకెట్లు ఆ సాయంత్రమే విప్పండి.

ముగింపుకి మూడోమనిషి, మొదటి సగంలో ‘లోపలుంది’ అని చెప్పిన షావుకారు భార్య. మరమరాల వరద మధ్యలో బంగాళదుంపల బుట్టతో వచ్చి, నడుం మీద చెయ్యేసి, ‘నన్ను కిలోల్లెక్కన అడిగిందెవరండీ?’ అంటుంది. దీపం ఆరుతుంది. ఆవిడకి ఉన్నది ఈ ఒక్క మాటే గనక మీ బృందంలో గొంతు బాగా వినబడే మనిషికే ఇవ్వండి. ఆ మాట తర్వాత ఎవరూ ఏమీ అనకూడదు. ‘అంటే ఆలు అంటే...’ అని ఎవరైనా మొదలెడితే పక్కనుంచి దీపం ఆర్పేయండి.

కొత్త మాటలు వెతికేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి: ఆ వస్తువుని బల్ల మీద పెట్టి చూపించగలమా? చూపించలేకపోతే వదిలేయండి. ‘పాలు’ అంటే వాటా అని కూడా అర్థమే, కానీ వాటాని బల్ల మీద ఎలా పెడతారు? ‘కల్లు, కళ్ళు’ జోకు జనం మీకన్నా ముందే చెప్పేస్తారు. సంభాషణ మాత్రం ఇంట్లో మాట్లాడే మాటలోనే ఉండాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజే ఆగస్టు 29. ఆ రోజున ‘తమరికేమి కావలయును’ అని స్కెచ్ వేస్తే అంతకన్నా పెద్ద జోకు ఉండదు.

సామాను

కౌంటరు 6 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఎత్తు 2 అడుగుల 9 అంగుళాలు. బజార్లో దుకాణాల కౌంటర్లు ఇంతకన్నా ఎత్తుంటాయి, కానీ పొట్టి నటుడు వెనక నిలబడితే మొహం మాత్రమే కనబడి చేతుల పని పోతుంది. రెండు బెంచీల మీద ప్లైవుడ్ వేసి, ముందువైపు చీర కడితే సరిపోతుంది. ప్లైవుడ్‌ని బెంచీలకి తాడుతో బిగించి కట్టండి, డబ్బా విసురుగా పెట్టినప్పుడు పలక తిరగబడుతుంది. నిచ్చెన 5 అడుగుల మడత నిచ్చెన, నాలుగు కాళ్ళకీ రబ్బరు తొడుగులు ఉండాలి. మడతకి వేసే కొక్కెం పడిందో లేదో ఎక్కే ముందు నటుడే చూసుకోవాలి, పక్కవాడి మీద వదలకూడదు. అట్టపెట్టెల మీద పేర్లు 3 అంగుళాల అక్షరాల్లో రాస్తే పదో వరస దాకా కనబడతాయి. తాళాల పెట్టెలో నిజం తాళాలే వెయ్యండి. కింద పెట్టినప్పుడు వచ్చే ఆ గలగల ఖాళీ పెట్టెతో రాదు.

మైకు పట్టుకుంటే చేతులు ఖాళీ ఉండవు. కాలరు మైకులు రెండు, గడ్డానికి జానెడు కిందగా. నూలు చొక్కాకి పెట్టండి, పట్టుబట్టకి పెడితే గరగరలాడుతుంది. అవి దొరక్కపోతే కౌంటరు ముందు చీర వెనక ఒక మైకు దాచి, డబ్బాలు పెట్టే చోటికి రెండడుగుల దూరం ఉంచండి. లేకపోతే ప్రతి డబ్బా చప్పుడూ పిడుగులా వస్తుంది. దీపాలకి 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు రెండు, అటొకటి ఇటొకటి, ఏటవాలుగా. ఎదురుగా ఒకటే పెడితే మొహాలు పళ్ళేల్లా కనబడి కనుబొమల ఆట పోతుంది.

వార్తలు

బల్ల, రెండు కుర్చీలు, చేతిలో కాగితాలు. ఒకరి తర్వాత ఒకరు చదవాలి, ఒక్కో వార్తా రెండు వాక్యాలకి మించకూడదు. తెలుగులో ఇక్కడ ఒక గొయ్యి ఉంది: మన వాక్యం క్రియతో ముగుస్తుంది, దాని వెనక పత్రికల తోక ఒకటి తగులుకుంటుంది. ‘కరెంటు బాగుచెయ్యడానికెళ్ళిన ఉద్యోగి లిఫ్టులో ఇరుక్కుపోయి ఉన్నాడని అధికార వర్గాలు తెలియజేశాయి.’ లిఫ్టు దగ్గర రావలసిన నవ్వు అధికార వర్గాల కింద నలిగిపోయింది. తోక కోసి, నవ్వొచ్చే మాట ఆఖర్న పెట్టండి: ‘మన ఊళ్ళో కరెంటు పోయి నాలుగు గంటలైంది. బాగుచెయ్యడానికొచ్చినాయన ఎక్కడున్నాడో ఇప్పుడే తెలిసింది: లిఫ్టులో.’ అలాగే: ‘తప్పిపోయినవాళ్ళని వెతికే కమిటీ ఇవాళ సమావేశం కావలసింది. కమిటీని వెతుకుతున్నారు.’

ఇరవై రాస్తే ఎనిమిది మిగులుతాయి. రెండోవాడు చదువుతున్నప్పుడు మొదటివాడు కాగితం చూసుకోవాలి, నవ్వకూడదు. ఊళ్ళో నిజం మనుషుల పేర్లు పెట్టకండి, పెడితే నవ్వు పేరుకి పోతుంది, జోకుకి రాదు.

ముగింపు వార్తల తర్వాత వాళ్ళు చెప్పే సెలవు మాట చాలా పేరున్నది. ‘నా తరఫున శుభరాత్రి’ అంటాడు కార్బెట్, బార్కర్ అతన్ని చూపించి ‘ఆయన తరఫున కూడా శుభరాత్రి’ అంటాడు. మీరు మీ మాట కట్టుకోండి. ‘నేను వెళ్ళొస్తాను’, ‘ఈయన వెళ్ళొస్తాడు’ అని ఇద్దరూ కూర్చునే ఉండొచ్చు.

క్విజ్

1980లో డేవిడ్ రెన్విక్ రాసిన ‘మాస్టర్‌మైండ్’ స్కెచ్‌లో పోటీదారు కార్బెట్, అడిగేవాడు బార్కర్. పోటీదారు ఎంచుకున్న విషయం విచిత్రం: ఎప్పుడూ ఒక ప్రశ్న వెనకబడి జవాబు చెప్పడం. జవాబు సరైనదే, వెనకటి ప్రశ్నకి. ఇప్పటి ప్రశ్నతో కలిపి వింటే ఘోరం.

కట్టే విధానం: కాగితాన్ని నిలువునా మడిచి ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు రాయండి. తర్వాత జవాబుల వరస ఒక గడి కిందికి దించండి. ఇప్పుడు పక్కపక్కన పడ్డవి చదివి, నవ్వు రాని చోట ప్రశ్న మార్చండి. ఇలా:

ప్ర: పగటిపూట గబ్బిలం చేసే పని?
జ: (మౌనం, తల ఊపు)
ప్ర: కొత్త అల్లుడు అత్తారింట్లో చేసే పని?
జ: తలకిందులుగా వేలాడటం.
ప్ర: చలికాలంలో చిలికా సరస్సుకి సైబీరియా వైపు నుంచి ఎవరొస్తారు?
జ: కొత్త బట్టలు పెట్టించుకుని, పీకలదాకా తిని పడుకోవడం.
ప్ర: రెండ్రోజులకని మీ ఇంటికొచ్చి నెల్లాళ్ళు ఉండిపోయేవాళ్ళు?
జ: వలస పక్షులు.

పన్నెండు ప్రశ్నలు, రెండున్నర నిమిషాలు. వేగం ఇక్కడ ప్రాణం. ప్రశ్న అయిన అర సెకనులో జవాబు పడాలి, జనం నవ్వుతున్నా ఆగకూడదు. కంఠతా రాకపోతే వెయ్యకండి. ఒక్క జవాబు తప్పితే వెనకటివన్నీ జారిపోతాయి, నటుడికి తిరిగి అందుకోవడం కుదరదు. అడిగేవాడి చేతిలో అట్టలు ఉంటాయి కదా, వాటి వెనక పోటీదారు జవాబు మొదటి మాట పెద్ద అక్షరాల్లో రాసి అతనికి కనబడేలా పట్టుకోవచ్చు.

కుర్చీ సోది, మాటల గారడీ

పెద్ద చేతుల కుర్చీ వేసుకుని కార్బెట్ ఒక చిన్న జోకు మొదలెడతాడు, దారిలో భార్యా నిర్మాతా ఇరుగుపొరుగూ అన్నీ తగులుకుంటాయి, చివరికి ఆ జోకు దగ్గరికే వస్తాడు. వాటిని మొదట్లో స్పైక్ మల్లిన్స్, తర్వాత రెన్విక్ రాసేవారు. హరికథలో పిట్టకథ చెప్పి దాసుగారు మళ్ళీ అసలు కథ అందుకుంటారే, ఆ ఒడుపు తెలిసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. రాసేటప్పుడు ఆఖరి వాక్యం ముందు రాసుకోండి. పిట్టకథలు నాలుగుకి మించొద్దు, ప్రతిదాని చివరా అసలు జోకులోని ఒక మాట, ‘అదే, ఆ ఆటోవాడు’ లాంటిది, తిరిగి అనాలి. అది లేకపోతే జనం తాడు వదిలేస్తారు. పొట్టి నటుణ్ణి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టండి.

మాటల గారడీ బార్కర్ సొత్తు. ఏదో సంఘం ప్రతినిధిగా వచ్చి గంభీరంగా ఉపన్యసిస్తాడు, మాటలు మాత్రం నోట్లో తారుమారవుతుంటాయి. తెలుగులో మొదటి అక్షరాలు మారిస్తే వచ్చే రెండో మాటకీ ఏదో అర్థం ఉన్నట్టు తోచాలి. ‘మంచి కాఫీ’ని ‘కంచి మాఫీ’ అంటే నవ్వొస్తుంది, ‘కొబ్బరి నీళ్ళు’ని ‘నొబ్బరి కీళ్ళు’ అంటే కీళ్ళనొప్పి గుర్తొచ్చి పెద్దవాళ్ళు నవ్వుతారు. ‘కోడి గుడ్డు’ని ‘గోడి కుడ్డు’ అంటే వట్టి శబ్దమే. ఒక జాగ్రత్త: మన భాషలో అక్షరాలు మారిస్తే బూతు రావడం క్షణం పని. పూర్తి ప్రతిని ముందు ఇంట్లో పెద్దావిడ ఎవరి ఎదుటైనా పైకి చదివించండి, ఆవిడ ఎక్కడ లేచి వెళ్ళిపోతే అక్కడ కొట్టెయ్యండి.

ప్రతుల ఎంపిక, కరెంటు

బార్కర్ తన స్కెచ్‌లు జెరాల్డ్ వైలీ అన్న మారుపేరుతో పంపేవాడు. తను రాశాడని తెలిస్తే మొహమాటానికి తీసుకుంటారేమోనని. ‘ఫోర్ క్యాండిల్స్’ కూడా ఆ పేరుతోనే. సంఘాల్లో కార్యదర్శిగారి బావమరిది రాసిన ప్రతిని కాదనలేని ఇబ్బంది అందరికీ తెలిసిందే. పేర్లు తీసేసి, అందరివీ ఒకే చేతిరాతలో తిరగరాయించి లేదా టైపు చేయించి, ఇద్దరు నటులూ పైకి చదివి ఎంచుకోండి. నిమిషానికి ఒక పేజీ లెక్క వేసుకోండి. పన్నెండు పేజీల స్కెచ్ వస్తే ఎవరిదైనా ఎనిమిదికి కోయండి.

వీళ్ళిద్దరికీ కలిసి ఈ కార్యక్రమం దొరకడానికి ఒక కారణం చెబుతారు: బాఫ్టా అనే బ్రిటిష్ సినిమా, టీవీ బహుమతుల సభలో యంత్రాలు మొరాయిస్తే, అవి బాగయ్యేదాకా ఇద్దరూ వేదిక మీద అప్పటికప్పుడు మాట్లాడి నెట్టుకొచ్చారు. బీబీసీ వినోద కార్యక్రమాల పెద్ద బిల్ కాటన్ ఆ రోజు ప్రేక్షకుల్లో ఉన్నాడు. మన ఊళ్ళలో ఈ పరీక్ష ప్రతి సభకీ ఉంటుంది. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు హాలు చీకటి, మైకు మూగ. అందుకని మైకు అక్కర్లేని మూడు నిమిషాల తునక ఒకటి జేబులో ఉంచుకోండి. చీకట్లో పనికొచ్చేదై ఉండాలి: ఇద్దరూ కనబడకుండా ఒకరినొకరు వెతుక్కోవడం, ‘ఎక్కడున్నావు?’ ‘ఇక్కడే.’ ‘ఇక్కడంటే?’ ‘నువ్వున్న చోటు కాదు.’ గొంతు హాలు చివరికి చేరేలా, నెమ్మదిగా. రెండు టార్చి లైట్లు కౌంటరు కింద, ఎప్పుడూ ఒకే చోట. దీపం రాగానే ఆగిన స్కెచ్‌ని ఆగిన మాట దగ్గర కాదు, దానికి రెండు మాటల ముందు నుంచి ఎత్తుకోండి.

ఇదే కార్యక్రమం మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా సిరొంచలో వెయ్యాలంటే అస్థిపంజరం మార్చక్కర్లేదు, ఒడియా మాటలు తీసి మరాఠీవి పెట్టాలి. ‘కొణొ’ ఉన్న చోట ‘కాయ్?’ పెట్టండి. ‘ఏమిటి’ అని ఆయనడిగితే తెలుగాయన ‘కాయ కాదండీ, పండే’ అంటాడు. ఉల్లిపాయ ‘కాందా’ అయితే కందగడ్డ తూకం వెయ్యొచ్చు. మజ్జిగ ‘తాక్’ అంటే ‘తాకు’ అని విని ముట్టుకు చూపించొచ్చు. ఉప్పు ‘మీఠ్’ అంటే మీట నొక్కి ఫ్యాను వెయ్యొచ్చు. ‘చాలూ’ మరాఠీలో కూడా నడుస్తూ ఉండటమే గనక మరమరాల అంకం అలాగే ఉంచేయండి. ఆళు మాత్రం పనిచెయ్యదు, అక్కడ బంగాళదుంప ‘బటాటా’. కాబట్టి షావుకారు భార్య చెప్పే ఆఖరి మాట కొత్తగా రాసుకోవాలి, ఆ మాట కుదిరేదాకా తేదీ ప్రకటించకండి.